రెండు మిల్లీగ్రాముల వెన్న

20 లీటర్ల లాగర్ బీరును పాడుచేయడానికి 2 మిల్లీగ్రాముల డైఅసిటైల్ చాలు. కల్లుప్పులో బాగా చిన్న పలుకు ఒకటి దాదాపు అంత బరువుంటుంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటిందంటే చాలామంది ముక్కు పట్టేస్తుంది: మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర గుప్పుమనే వెన్న వాసన అది. నల్లటి స్టౌట్‌లో ఆ మాత్రం వెన్న మాడిన గింజల వాసన చాటున పడిపోతుంది. లేత పసుపు లాగర్‌లో చాటు ఎక్కడిది?

ఇంట్లో లాగర్ చేసుకునేవాళ్లు తరచుగా వెళ్లబోసుకునే గోడు ఒకటుంది. కెగ్‌లోకి ఎక్కించిన రోజు రుచి చూస్తే నిక్షేపంలా ఉంది, మూడు వారాలాగి గ్లాసులో పడితే వెన్న కొడుతోంది. కెగ్ సరిగా కడగలేదేమో, ఏదో క్రిమి చేరిందేమో అనుకుంటారు. తర్వాతి విడతకు శానిటైజర్ రెండింతలు వాడతారు. మళ్లీ వెన్నే. కెగ్‌లోకి ఎక్కించిన రోజు నాలుక అబద్ధం చెప్పలేదు. ఆ రోజుకు బీరులో డైఅసిటైల్ నిజంగానే లేదు, దాని మూలపదార్థం మాత్రం ఉంది. ఆ మూలపదార్థానికి వాసనా లేదు, రుచీ లేదు.

లాగర్‌లో అనుకోకుండా తలెత్తే చెడు వాసనల్లో చాలావాటి కథ ఇదే. మనం పట్టుకునేది బిడ్డని, అప్పటికి తల్లి ఎప్పుడో వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే రుచి చూస్తూ పోతే కారణం దొరకదు. ఏ రోజు ఎన్ని డిగ్రీలుంది, ఎన్ని నిమిషాలు మరిగింది, గ్రావిటీ ఎంత ఉన్నప్పుడు చల్లబరిచాం అన్న లెక్కల్లో దొరుకుతుంది.

లెక్కల్లోకి వెళ్లేముందు చట్టం సంగతి. గుంటూరులోనో వరంగల్‌లోనో ఇది చదివి వంటింట్లో పొయ్యి వెలిగించకండి. 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. అమెరికాలో మాత్రం 1978లో చేసిన ఫెడరల్ చట్టం సొంతానికి బీరు చేసుకోవడాన్ని పన్ను లేకుండా అనుమతించింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే 757 లీటర్ల వరకూ. రాష్ట్రాల చట్టాలు వేరే. మిసిసిపీ, అలబామా 2013 దాకా ఒప్పుకోలేదు. గరాజ్‌లో పాత ఫ్రిజ్‌కి కంట్రోలర్ బిగించి లాగర్‌కు దిగే తెలుగువాళ్లకు ఈ లెక్కలు అక్కడ పనికొస్తాయి. హైదరాబాద్ మైక్రోబ్రూవరీలో గ్లాసు ముందు పెట్టుకుని 'ఇదేంటి ఇలా ఉంది' అనుకునేవాళ్లకూ పనికొస్తాయి.

ఉదాహరణకు ఒక మామూలు పిల్స్‌నర్ తీసుకుందాం. 20 లీటర్లు. మొదటి గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత) 1.048, అంటే 12 డిగ్రీల ప్లేటో. చివరి గ్రావిటీ 1.010. ఈ రెండింటి తేడాను 131.25తో గుణిస్తే ఆల్కహాలు సుమారు 5 శాతం.

వెన్న ఎక్కడ పుట్టింది

ఈస్ట్ కణం పెరగడానికి వాలీన్ అనే అమైనో ఆమ్లం కావాలి. దాన్ని తయారుచేసుకునే దారిలో ఆల్ఫా అసిటోలాక్టేట్ అనే పదార్థం పుడుతుంది. కొంత కణం బయటికి కారిపోతుంది. బయట అది తనంతట తానే, ఈస్ట్ ప్రమేయం లేకుండా, డైఅసిటైల్‌గా మారుతుంది. వేడి, ఆక్సిజన్ తగిలితే త్వరగా, చల్లగా ఉంటే నింపాదిగా. ఇలా మారిన డైఅసిటైల్‌ను ఈస్ట్ మళ్లీ లోపలికి లాక్కుని అసిటోయిన్‌గానూ, ఆ తర్వాత బ్యూటేన్‌డయాల్‌గానూ మార్చేస్తుంది. ఆ రెండూ బీరులో ఉండే మోతాదుల్లో ముక్కుకు తెలియవు.

రెండో మెట్టు చకచకా జరిగిపోతుంది. చిక్కంతా మొదటి మెట్టు దగ్గరే. లాగర్‌ను 10, 12 డిగ్రీల దగ్గర పులియబెడతాం కాబట్టి అసిటోలాక్టేట్ మారడానికి రోజులకు రోజులు తీసుకుంటుంది. ఈలోపు హైడ్రోమీటర్ 1.010 చూపిస్తుంది. పని అయిపోయిందనుకుని ఫ్రిజ్‌ను 1 డిగ్రీకి దించేస్తారు. ఈస్ట్ అడుగుకు దిగిపోతుంది. తేటగా ఉన్న బీరును కెగ్‌లోకి ఎక్కిస్తారు, ఎక్కించేటప్పుడు కాస్త గాలి కూడా చేరుతుంది. అసిటోలాక్టేట్ తన పని తాను చేసుకుంటూ పోతుంది. పుట్టిన డైఅసిటైల్‌ను తినేవాళ్లెవరూ మిగల్లేదు. సీసాల్లో చక్కెర వేసి గది వేడిలో ఉంచేవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. అక్కడ ఈస్ట్‌కు ఇంకో అవకాశం దొరుకుతుంది. కెగ్‌వాళ్లకు ఆ అదృష్టం లేదు.

విరుగుడు తెలిసిందే, డైఅసిటైల్ రెస్ట్. ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. గ్రావిటీ 1.010కి చేరాక వేడి పెంచితే అప్పటికే ఈస్ట్ నిద్రకు పడి ఉంటుంది. 1.016, 1.014 మధ్య ఉన్నప్పుడే, ఇంకా నురగ పూర్తిగా కూలకముందే, 16 నుంచి 18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఉంచాలి. అంత వేడికి, వెచ్చగా పులియబెట్టే ఏల్ రకం బీరులో వచ్చే పళ్ల వాసన వస్తుందని భయం అక్కర్లేదు. ఆ వాసనకు మూలమైన ఎస్టర్లు ఎక్కువగా పుట్టేది ఈస్ట్ పెరిగే తొలి రోజుల్లో, ఆ దశ దాటిపోయింది.

రెస్ట్ అయిందో లేదో తేల్చడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. పెద్ద బ్రూవరీలు చేసేదీ ఇదే. రెండు చిన్న గాజు జాడీలు తీసుకోండి. ఫెర్మెంటర్ నుంచి ఒక్కోదాంట్లో 100 మిల్లీలీటర్లు పట్టి పైన అల్యూమినియం ఫాయిల్ బిగించండి. ఒకదాన్ని అలాగే పక్కన పెట్టండి. రెండోదాన్ని 65 డిగ్రీల వేడినీళ్ల గిన్నెలో 20 నిమిషాలు ఉంచండి. నీళ్లు చల్లారుతుంటే కెటిల్‌లోంచి కొంచెం కొంచెం పోస్తూ 60కి తగ్గకుండా చూసుకోవాలి. తర్వాత చన్నీళ్లలో పెట్టి రెండు జాడీలూ ఒకే చల్లదనానికి వచ్చాక ఫాయిల్ ఓ మూల ఎత్తి వాసన చూడండి. మూడు వారాల్లో జరగాల్సిన మార్పును ఆ 20 నిమిషాల వేడి ముందే జరిపించేస్తుంది. రెండింట్లోనూ వెన్న లేకపోతే నిశ్చింతగా చల్లబరచవచ్చు. వేడిచేసినదాంట్లోనే ఉంటే మూలపదార్థం ఇంకా మిగిలుందని అర్థం, రెండు రోజులాగి మళ్లీ చేయండి. రెండింట్లోనూ ఉంటే డైఅసిటైల్ ఇప్పటికే పుట్టింది, ఈస్ట్ దాన్ని తినాల్సి ఉంది. ఫెర్మెంటర్‌ను నెమ్మదిగా కదిపి, ఆ వేడిలోనే ఉంచి ఓపిక పట్టాలి.

వాసన ఇంకొకరితో కూడా చూపించుకోండి. డైఅసిటైల్ ఎంతున్నా పట్టలేని ముక్కులుంటాయి. పైగా వెన్న కాస్తున్న వాసనకు లొట్టలేసుకుంటూ పెరిగిన మనకు అది తప్పు అని ఒప్పుకోవడానికి మనసు రాదు, 'బానే ఉందిగా' అనేస్తాం.

36,000 కోట్లు

అసిటోలాక్టేట్ అంత పుట్టుకురావడానికి కారణం ఇంకాస్త వెనక, ఈస్ట్ వేసిన రోజున ఉంటుంది. లాగర్‌కు వాడే లెక్క: ఒక మిల్లీలీటరు వోర్ట్‌కు (ఇంకా పులియని మాల్ట్ రసానికి), ఒక్కో ప్లేటో డిగ్రీకి 15 లక్షల కణాలు. ఏల్‌కు ఇందులో సగం చాలు. మన ఉదాహరణలో 20,000 మిల్లీలీటర్లు, 12 డిగ్రీలు. గుణించి చూడండి, 36,000 కోట్ల కణాలు. ద్రవ ఈస్ట్ ప్యాకెట్‌లో మామూలుగా వచ్చేది 10,000 కోట్లు, అదీ తాజాగా ఉంటే. అంటే ఒక్క ప్యాకెట్ వేసి సరిపెట్టుకుంటే కావాల్సినదాంట్లో మూడో వంతు కూడా లేదు. ఆ కొరతను ఈస్ట్ తనే పెరిగి పూడ్చుకోవాలి. పెరగాలంటే వాలీన్ కావాలి, వాలీన్‌తో పాటే అసిటోలాక్టేట్. పొడి ఈస్ట్ వాడేవాళ్లకు లెక్క సులువు. లాగర్‌కు ఎక్కువమంది వాడే డబ్ల్యూ-34/70 రకానికి తయారీదారు చెప్పే మోతాదు 100 లీటర్లకు 80 నుంచి 120 గ్రాములు. 20 లీటర్లకు 16 నుంచి 24 గ్రాములు, అంటే 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు. ఒకటి మిగుల్చుకుంటే ఆదా అయ్యేది కొన్ని డాలర్లు, పోయేది 20 లీటర్లు.

కణాలకు ఊపిరి కూడా కావాలి. ఈస్ట్ వేసేముందు లీటరు వోర్ట్‌లో 8 నుంచి 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. గాలితో ఎంత కుదిపినా 8 దగ్గర ఆగిపోతుంది. పైకి వెళ్లాలంటే ఆక్సిజన్ సిలిండర్ కావాలి. పులియడం మొదలయ్యాక మాత్రం ఇదే ఆక్సిజన్ శత్రువు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక వేడి. వోర్ట్ 20 డిగ్రీలుండగా ఈస్ట్ వేసి, అది 'అందుకున్నాక' ఫ్రిజ్‌లో పెడదామనుకోవడం పాత అలవాటు. తక్కువ కణాలతో నెట్టుకురావడానికి పుట్టిన అడ్డదారి అది. అరటిపండు వాసన వచ్చే ఐసోఅమైల్ అసిటేట్ ఆ మొదటి రెండు రోజుల్లోనే తయారైపోతుంది. లాగర్‌లో లీటరుకు దాదాపు 1.2 మిల్లీగ్రాములు చాలు, అరటిపండు బయటపడుతుంది. వోర్ట్‌ను 8, 9 డిగ్రీలకు దించి ఈస్ట్ వేసి, తర్వాత 10, 12కి ఎక్కనివ్వాలి. కంట్రోలర్ ప్రోబ్ ఎక్కడ పెట్టారన్నది చూసుకోండి. ఫ్రిజ్ గాలిలో వేలాడదీస్తే అది గాలి వేడినే చూపిస్తుంది. పులుస్తున్న బీరు తన వేడి తానే పుట్టించుకుంటుంది కాబట్టి లోపల రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ప్రోబ్‌ను ఫెర్మెంటర్ గోడకు, బీరు మట్టానికి బాగా కింద, టేపుతో అంటించి పైన స్పాంజి ముక్క కట్టాలి.

బవేరియాలో 1553లో ఐదో ఆల్‌బ్రెక్ట్ ప్రభువు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 వరకూ బీరు కాయకూడదని శాసించాడు. వేసవిలో చేసిన బీరు చెడిపోతోందని వాళ్లకు తెలుసు, ఎందుకో తెలియదు. థర్మామీటర్ లేని కాలంలో పంచాంగంతో పని నడిపించారు. లాగర్ అక్కడ స్థిరపడటానికి ఆ శాసనమూ ఒక కారణం.

మొక్కజొన్న కండె

ఉడికిన మొక్కజొన్న, ఇంకా ముదిరితే క్యాబేజీ ఉడికించిన నీళ్లు. ఇది డైమిథైల్ సల్ఫైడ్, పొట్టిగా డీఎంఎస్. లీటరుకు 30 నుంచి 50 మైక్రోగ్రాములు దాటితే తెలుస్తుంది. 20 లీటర్లకు ఒక మిల్లీగ్రామైనా అక్కర్లేదు. దీని తల్లి ఎస్‌ఎంఎం అనే పదార్థం, మాల్ట్‌లోనే ఉంటుంది. ముదురు రంగు మాల్ట్‌లను ఎక్కువ వేడిలో ఆరబెడతారు కాబట్టి అక్కడే చాలావరకు పోతుంది. పిల్స్‌నర్ మాల్ట్‌ను లేతగా ఆరబెడతారు, అందుకే దాన్లో నిండుగా మిగిలిపోతుంది. అంటే లాగర్‌కు రంగునిచ్చే మాల్టే ఈ బెడదనూ మోసుకొస్తుంది.

వోర్ట్ మరుగుతున్నప్పుడు ప్రతి 40 నిమిషాలకూ ఎస్‌ఎంఎం సుమారు సగం విరిగి డీఎంఎస్ అవుతుంది. డీఎంఎస్ 37 డిగ్రీలకే మరిగే పదార్థం కాబట్టి ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. 60 నిమిషాలు మరిగిస్తే 35 శాతం ఎస్‌ఎంఎం మిగులుతుంది. 90 నిమిషాలైతే 21 శాతం. పిల్స్‌నర్ మాల్ట్‌కు గంటన్నర మరగాలని పాతవాళ్లు పట్టుబట్టడంలో ఉన్న లెక్క ఇదే. కొత్త మాల్ట్‌లు మెరుగయ్యాయని, గంట చాలని వాదించేవాళ్లున్నారు. కొన్ని మాల్ట్‌ల విషయంలో నిజమే కావచ్చు. కానీ మొక్కజొన్న వాసన ఇప్పటికే వస్తున్నవాళ్లు ఆ వాదన వినకుండా ఇంకో అరగంట గ్యాస్ కాల్చడం మేలు. ఎత్తైన ఊళ్లలో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లో 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఐదారు డిగ్రీలు తగ్గితే ఎస్‌ఎంఎం విరగడానికి పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది. అక్కడివాళ్లకు గంటన్నర కూడా చాలీచాలనట్టే.

మూత పెట్టి మరిగిస్తే ఎగిరిన డీఎంఎస్ మూతకు తగిలి నీటిచుక్కలతో మళ్లీ కిందికే వస్తుంది. పొయ్యి ఆర్పాక 80 డిగ్రీల పైన ఎక్కువసేపు ఉంచినా ముప్పే. ఎస్‌ఎంఎం విరుగుతూనే ఉంటుంది, మరుగు ఆగింది కాబట్టి పుట్టిన డీఎంఎస్ పోదు. అందుకే రాగి చుట్టతో గానీ ప్లేట్ చిల్లర్‌తో గానీ గబగబా దించాలి.

త్వరగా తేలిపోయేవి

కుళ్లిన గుడ్డు వాసనకు కంగారు పడొద్దు. లాగర్ ఈస్ట్ పులిసేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వదలడం మామూలే. ఫ్రిజ్ తలుపు తీయగానే ఇల్లంతా కంపుకొట్టినా సరే, కొంత కార్బన్ డయాక్సైడ్‌తో పోతుంది, మిగతాది 0 నుంచి 2 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు వారాలు పడుకోబెడితే పోతుంది.

పచ్చి యాపిల్ కోసిన వాసన అసిటాల్డిహైడ్‌ది. ఇది ముక్కుకు తెలియాలంటే లీటరుకు 10 మిల్లీగ్రాములైనా కావాలి, డైఅసిటైల్ కంటే నూరు రెట్లు. అంత మిగిలిందంటే ఈస్ట్ పని సగంలో వదిలేసినట్టే. చక్కెర నుంచి ఆల్కహాలుకు వెళ్లే దారిలో చివరి మెట్టుకు ముందుది అది. తొందరపడి చల్లబరిచారు, లేదా ఈస్ట్ తక్కువైంది. వెన్నకు చెప్పిన మందే దీనికీ.

డెట్టాల్ సీసా మూత తీసినట్టుంటే నీళ్లను అనుమానించండి. మునిసిపల్ నీటిలోని క్లోరిన్, క్లోరమైన్ మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్స్ అవుతాయి. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములే చాలు. డెట్టాల్‌లో ఉండే క్లోరోజైలెనాల్ కూడా ఆ కుటుంబానిదే. మరిగిస్తే క్లోరిన్ పోతుంది, క్లోరమైన్ పోదు. అమెరికాలో చాలా ఊళ్లు వాడేది క్లోరమైన్. ఈ రెండింటినీ విరిచే క్యాంప్‌డెన్ మాత్ర ఒకటి 75 లీటర్ల నీటికి సరిపోతుంది, కాబట్టి 20 లీటర్ల బీరుకు కావాల్సిన నీటిలో అర మాత్ర నలిపి వేస్తే కొన్ని నిమిషాల్లో పని అయిపోతుంది. ఇన్ని తంటాల్లో ఇంత చవకగా తీరేది ఇంకోటి లేదు.

ఉడుము కంపు అనాలో ఇంకేమనాలో గానీ, అమెరికన్లు స్కంక్ అనే ఆ వాసన ఎండ వల్ల వస్తుంది. హాప్స్‌లోని చేదు పదార్థాల మీద 350 నుంచి 500 నానోమీటర్ల కాంతి పడితే ఒక థయాల్ పుడుతుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు, డైఅసిటైల్‌తో పోలిస్తే వేల రెట్లు తక్కువ. గోధుమరంగు సీసా దాదాపు అడ్డుకుంటుంది, ఆకుపచ్చ సీసా అడ్డుకోదు. గాజు కార్‌బాయ్‌లో పులియబెట్టేవాళ్లు దుప్పటి కప్పాల్సిందే.

తడిసిన అట్టపెట్టె వాసన ట్రాన్స్-2-నోనెనాల్‌ది. లీటరుకు 0.1 మైక్రోగ్రాము. పులియడం అయ్యాక చొరబడిన ఆక్సిజన్‌కూ, వేడిలో గడిపిన రోజులకూ కట్టిన బిల్లు ఇది. బ్రూవరీల్లో ఒక మోటు లెక్క చెబుతారు: 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, ఈ మూడూ బీరుకు చేసే చేటు సమానం. టెక్సస్ వేసవిలో గరాజ్ అరలో వారం పెట్టిన సీసాల సంగతి ఇక విడిగా చెప్పక్కర్లేదు.

లవంగం వాసన వస్తే మాత్రం శానిటైజర్‌ను తలచుకోవాల్సిందే. జర్మన్ గోధుమ బీరులో లవంగం కోరి తెచ్చుకునేది. లాగర్ ఈస్ట్‌కు మాత్రం ఆ వాసన పుట్టించే శక్తి లేదు. కాబట్టి లాగర్‌లో లవంగం అంటే పిలవని ఈస్ట్ ఏదో దూరింది. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్‌లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ పట్టుకున్నది ఇలాంటి దొంగనే. 1883లో ఆయన ఒకే కణం నుంచి పెంచిన శుద్ధమైన లాగర్ ఈస్ట్‌ను బ్రూవరీకి అందించాడు. వెన్న వాసనకు పులుపు తోడై, వారం వారం ఎక్కువవుతుంటే అది పీడియోకాకస్ బ్యాక్టీరియా పని, దానికి రెస్ట్‌లూ విశ్రాంతులూ పనిచేయవు. ఒక్క మెలిక: అదే కెగ్ నుంచి ట్యాప్‌తో కాకుండా నేరుగా పట్టిన గ్లాసు బాగుంటే దోషం పైపుది. పైపులను రెండు వారాలకోసారి కడగాలి.

పాత విడతా కొత్త విడతా చేతికొచ్చాక తేడా ఉందో లేదో స్నేహితులను అడగడంలో ఒక పద్ధతుంది. మూడు గ్లాసులు, రెండింట్లో ఒక బీరు, ఒకదాంట్లో రెండోది, ఏది వేరో చెప్పమనాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకరు సరిగ్గా చెబుతారు. ఆరుగురిలో నలుగురు చెప్పినా కాకతాళీయం అయ్యే అవకాశం 10 శాతం ఉంటుంది, ఐదుగురు చెబితే 2 శాతానికి తగ్గుతుంది. అప్పుడే తేడాను నమ్మండి.

ఇప్పటికే పాడైపోయిన 20 లీటర్ల సంగతికొస్తే, వెన్న, పచ్చి యాపిల్ అయితే బతికించుకోవచ్చు. కొత్త విడతలోంచి జోరుగా పులుస్తున్న బీరు 2 లీటర్లు తీసి ఇందులో కలిపి 15 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజులు ఉంచితే ఆ ఈస్ట్ మిగిలిన పని పూర్తిచేస్తుంది. జర్మన్ బ్రూవర్లు క్రాయిజెనింగ్ పేరుతో తరతరాలుగా చేస్తున్నదే ఇది. గుడ్డు వాసనకు ఫ్రిజ్‌లో ఇంకో నెల. మొక్కజొన్న, అట్టపెట్టె, డెట్టాల్ వాసనలకు మందు లేదు. కెగ్ ఖాళీ చేసి కడుక్కోవడమే.